తొమ్మిది పాయింట్ రెండు అంటే తొంభై రెండు కాదు

2019 మే నెలలో మా చెల్లెలి కూతురి పదో తరగతి రిజల్ట్ వచ్చిన రోజు అది మా ఇంట్లోనే ఉంది. ఫోన్‌లో హాల్ టికెట్ నంబర్ కొట్టి, సైట్ తెరుచుకునేదాకా గోళ్లు కొరుక్కుని, చివరికి "నైన్ పాయింట్ టూ!" అని అరిచింది. అరుగు మీద కూర్చున్న మా బాపు తలెత్తి "అంటే తొంభై రెండా?" అన్నాడు. "దాదాపు అంతే తాతా" అంది. సాయంత్రానికల్లా బాపు వాడకట్టంతా తిరిగి మనవరాలికి తొంభై రెండు శాతం వచ్చిందని చెప్పి వచ్చాడు.

నేను లెక్కల టీచర్ని. తొమ్మిది పాయింట్ రెండు తొంభై రెండు కాదని నాకు తెలుసు. కానీ అంత సంబరంలో ఉన్న మనిషిని ఆపడం ఎందుకని ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకున్నది తప్పేనని ఆరేళ్ల తర్వాత అర్థమైంది.

మొన్న ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉండగా రాత్రి పదిన్నరకు అదే పిల్ల ఫోన్ చేసింది. క్యాంపస్‌కి ఒక కంపెనీ వస్తోంది. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ అరవై శాతం ఉంటేనే అప్లై చేయాలట. "మామా, నా సీజీపీఏ 6.5. ఫామ్‌లో పర్సెంటేజీ అడుగుతున్నారు. ఎంత వెయ్యాలి?" సీజీపీఏ అంటే చదువు మొత్తం మీద వచ్చిన గ్రేడ్ పాయింట్ల సగటు, పదికి ఇంత అని. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. అప్పటికే వాళ్ల వాట్సాప్ గ్రూపులో నాలుగు రకాల సమాధానాలు వచ్చాయట. పదితో గుణిస్తే చాలు, 65 అని ఒకరు. కాదు, 9.5తో గుణించాలి, 61.75 అని ఇంకొకరు. అర తీసేసి పదితో గుణించాలి, 60 అని ఒక సీనియర్. ముప్పావు తీసేయాలి, 57.5 అని మరొకరు. ఒకే పిల్ల, ఒకే మెమో, నాలుగు శాతాలు. వాటిలో మూడు గీతకు అటు, ఒకటి ఇటు.

దాని సర్టిఫికెట్లు మూడూ ముందేసుకుని చూస్తే మూడు భాషలు మాట్లాడుతున్నట్టు ఉంటాయి. పదో తరగతిలో జీపీఏ, ఇంటర్‌లో వెయ్యికి ఇన్ని అని మార్కులు, బీటెక్‌లో మళ్లీ పాయింట్లే గానీ క్రెడిట్లతో, అంటే ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చిన బరువుతో లెక్కగట్టిన పాయింట్లు. ఫామ్ మాత్రం మూడింటినీ ఒకే భాషలో చెప్పమంటుంది.

## ఒక చుక్క, రెండు పనులు

ఇంత గందరగోళానికి సగం కారణం ఆ మాటే అని నా నమ్మకం. మన వాడుకలో పాయింట్ అనేది రెండు పనులు చేస్తోంది. నైన్ పాయింట్ టూలో పాయింట్ అంటే దశాంశ బిందువు, తొమ్మిదికీ రెండుకీ మధ్య చుక్క. గ్రేడ్ పాయింట్‌లో పాయింట్ అంటే ఒక మెట్టుకు ఇచ్చిన అంకె. మనం చుక్కని విన్నాం, మెట్టుని వినలేదు. విన్న వెంటనే చుక్క తీసేసి తొంభై రెండు చేసుకున్నాం. అర్ధరూపాయిని యాభై పైసలు అన్నంత సహజంగా జరిగిపోయింది.

కానీ గ్రేడ్ అంటే మెట్టు. తెలంగాణ పదో తరగతిలో అప్పట్లో 91 నుంచి 100 దాకా ఎన్నొచ్చినా ఏ1, పది పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ2, తొమ్మిది. అలా కిందికి. హిందీకి మెట్లు వేరుగా ఉండేవి, దాన్ని పక్కన పెట్టి చెబుతున్నా. జీపీఏ 9.2 రావాలంటే ఆరు సబ్జెక్టుల పాయింట్లు కలిపితే 55 కావాలి. ఆ 55 ఏ రకంగా వచ్చినా, మార్కుల మొత్తం ఆరొందలకు 496 నుంచి 550 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 82.7 శాతం నుంచి 91.7 శాతం దాకా. చూశారా, తొంభై రెండు రావడానికి అసలు వీలే లేదు. మా బాపు వాడంతా చెప్పివచ్చిన అంకె ఆ పిల్లకు ఏ లెక్కన చూసినా రాని అంకె.

ఇంకో లెక్క చూడండి. ఒక పిల్లాడికి ఆరు సబ్జెక్టుల్లోనూ సరిగ్గా 91 వచ్చాయి. మొత్తం 546, జీపీఏ 10. పక్క పిల్లకి అయిదింటిలో నూటికి నూరు, సైన్స్‌లో 90. మొత్తం 590, జీపీఏ 9.8. నలభై నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పిల్ల వెనకబడింది. ఇది పద్ధతిలో లోపం అని చాలామంది అంటారు. నేను అనను. మెట్లు కట్టినప్పుడు ఒక మెట్టు మీద ఉన్నవాళ్లందరూ ఒకటే అని ముందే ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక మళ్లీ ఆ మెట్ల సగటుతో పిల్లల్ని వరసలో నిలబెట్టడమే తప్పు.

## మెట్టు మధ్యలో నిలబడటం

ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఈ 9.5లు, 0.75లు ఎక్కణ్నుంచి వచ్చాయో కాగితం మీద వేసుకుని కూర్చున్నాను.

9.5 సీబీఎస్‌ఈ వాళ్లది. 2009-10లో సీసీఈ అనే ఏడాది పొడవునా అంచనా వేసే పద్ధతి పెట్టి పదో తరగతికి సీజీపీఏ ఇచ్చినప్పుడు, శాతం కావాలనుకునేవాళ్లకు 9.5తో గుణించుకోండి అన్నారు. ఏ1 మెట్టులో ఉన్న పిల్లల సగటు 95 దగ్గర ఉంటుంది కాబట్టి పదికి 95, ఒకటికి 9.5. అది సూచనగా ఇచ్చిన శాతమే అని వాళ్లే చెప్పారు. వాళ్ల మెట్లకు ఈ లెక్క బాగానే కుదురుతుంది. తొమ్మిదిని 9.5తో గుణిస్తే 85.5, అది సరిగ్గా 81కీ 90కీ నట్టనడుమ. 2017 తర్వాత సీబీఎస్‌ఈ ఆ పద్ధతినే వదిలేసి మార్కులకు వెళ్లిపోయింది. కానీ 9.5 మాత్రం వదల్లేదు. వేరే మెట్లున్న యూనివర్సిటీల పిల్లలు, ఆ బోర్డు గడప తొక్కనివాళ్లు కూడా ఇవాళ్టికీ దానితోనే గుణించుకుంటున్నారు.

హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల్లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించమని ఉంటుంది. చూడగానే ఎందుకీ కోత అనిపిస్తుంది. అక్కడ 70 నుంచి 80 లోపు వస్తే ఎనిమిది పాయింట్లు. ఎనిమిదిలోంచి అర తీసి పదితో గుణిస్తే 75. మెట్టు మధ్యలో నిలబడటం అన్నమాట. పిల్లవాడు ఆ మెట్టు మీద ఎక్కడున్నాడో తెలియదు కాబట్టి మధ్యలో ఉన్నాడనుకుందాం అని చేసుకున్న ఒప్పందం. ఇది అర్థమైనప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పేవాళ్లుంటే గ్రూపులో అంత తర్జనభర్జన ఉండేది కాదు కదా అనిపించింది.

0.75 సంగతి వేరు. దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఇచ్చిన పట్టికలో 6.75కి 60 శాతం, 7.75కి 70 శాతం అని ఉంటుంది. ఆ లెక్కను పాటించే యూనివర్సిటీలు ఉన్నాయి. మెట్టు మధ్య కంటే కాస్త కింద నిలబెట్టారు. కారణాలు ఉండే ఉంటాయి, నేను తప్పు పట్టను. నేనంటున్నది ఒక్కటే. ఈ సూత్రాలన్నీ పోయినదాన్ని ఊహించి చెప్పేవే. 74ని 8 చేసిన క్షణంలోనే ఆ 74 పోయింది. దేనితో గుణించినా అది తిరిగి రాదు. బియ్యం దంచి పిండి చేశాక గింజలు లెక్కపెట్టమంటే ఎవరు పెట్టగలరు?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. పాయింట్లను శాతాల్లోకి మార్చమని పిల్లల్ని అడగకూడదు. మెమోలో ఏముందో ఫామ్‌లో అదే అడగాలి. కంపెనీకి గీత కావాలంటే సీజీపీఏలోనే గీత గీసుకోవాలి, యూనివర్సిటీని బట్టి వేరువేరుగా గీసుకున్నా సరే. లేదూ, మార్కులే ముఖ్యమనుకుంటే మార్కులే మెమోలో ఇవ్వాలి. రెండింటి మధ్య ఈ గుణకారం మాత్రం ఎవరికీ న్యాయం చేయదు.

అమెరికా వెళ్లేవాళ్ల దగ్గర ఇదే కథ ఇంకో రూపంలో చూశాను. మా తోటి టీచర్ కొడుకు 7.8ని నాలుగుకి లాగడానికి పదితో భాగించి నాలుగుతో గుణించి 3.12 అని రాసుకున్నాడు. అక్కడ ఏ గ్రేడుకి 4, బీకి 3. ఆ నిచ్చెనకు మెట్లు తక్కువ, ఒక్కో మెట్టు వెడల్పు. అందుకే సర్టిఫికెట్లు మదింపు చేసేవాళ్లు సబ్జెక్టు సబ్జెక్టుకీ గ్రేడు చూసి మార్చుకుంటారు గానీ చివరి అంకెను పట్టుకుని భాగించరు. ఆ అబ్బాయికి వాళ్లిచ్చిన జీపీఏ తను వేసుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. తక్కువ అనుకుని రెండు యూనివర్సిటీలకు అసలు అప్లై చేయలేదట.

## సోషల్ పేపర్ జిరాక్స్

మెట్ల అంచున ఏం జరుగుతుందో దగ్గరగా చూసిన సంఘటన ఒకటి ఉంది. 2023లో మా స్కూల్లో ఒక అమ్మాయికి 9.8 వచ్చింది. అయిదు సబ్జెక్టుల్లో ఏ1, సోషల్‌లో ఏ2. తల్లి బీడీలు చుడుతుంది. అమ్మాయికి పది పాయింట్లు ఖాయమని ప్రీఫైనల్ చూసి నేనే చెప్పి ఉన్నాను. వెయ్యి రూపాయలు కట్టి రీవెరిఫికేషన్ పెట్టించాం. ఆన్సర్ షీట్ జిరాక్స్ వచ్చింది. 80కి 70 వచ్చాయి. స్కూల్ నుంచి వెళ్లిన ఇంటర్నల్స్ 20కి 20. మొత్తం 90.

స్టాఫ్ రూమ్‌లో బల్ల మీద ఆ కాగితాలు పరిచి, పెన్సిల్ పట్టుకుని ఇద్దరం ఒక్కో ప్రశ్నా చూశాం. "సార్, ఒక్క మార్కు ఎక్కడ పోయింది?" అని అడుగుతూనే ఉంది. మ్యాప్ పాయింటింగ్‌లో ఒక నది ఒకచోట గుర్తించాల్సింది ఇంకోచోట గుర్తించింది. ఒక పెద్ద ప్రశ్నకు అన్నీ రాసినా అర మార్కు తగ్గింది. ఇంకోచోట ఇంకో అర. దిద్దినవాళ్లది తప్పని చెప్పలేం. నేను దిద్దినా అంతే వేసేవాణ్ణేమో, లేదంటే ఒక అర ఎక్కువ వేసేవాణ్ణేమో. చేసేదేమీ లేదు. ఆ అమ్మాయి కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుని "90 కూడా మంచి మార్కే కదా సార్" అంది. మంచి మార్కే. కానీ దాని మెమోలో 90 అని ఎక్కడా లేదు.

బాసర ట్రిపుల్ ఐటీ లాంటి చోట పదో తరగతి జీపీఏతోనే సీట్లు ఇచ్చారు. సర్కారు బళ్లలో చదివిన పిల్లలకు అదనంగా 0.4 కలిపే నిబంధన ఉండేది. అది నాకు ఎంతో నచ్చిన నిబంధన, దానివల్ల బాగుపడిన పిల్లలు నా కళ్లముందే ఉన్నారు. కానీ ఒకే జీపీఏ ఉన్నవాళ్లు వందల్లో ఉన్నప్పుడు ఎవర్ని ముందు పెట్టాలి? ముందు లెక్కల్లో గ్రేడు చూసేవారు, తర్వాత సైన్స్‌లో, అలా వరసగా మిగతా సబ్జెక్టులు, అన్నీ సమానమైతే వయసులో పెద్దవాళ్లను ముందు పెట్టేవారు. పుట్టిన తేదీ దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, చేతిలో ఉన్న కొలత ఆ పనికి చాలడం లేదని అర్థం.

## రోజుకు నలభై పేపర్లు

ఇంతా చెప్పాక, అయితే మార్కులే మేలు కదా, పాయింట్లెందుకు అని మీరు అడగొచ్చు. నా దగ్గర అంత తేలిక సమాధానం లేదు.

నేను స్పాట్ వాల్యుయేషన్‌కి ఏళ్ల తరబడి వెళ్లాను. రోజుకు నలభై పేపర్లు దిద్దాలి. పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి పేపరు తెరిచే చెయ్యీ, ఏప్రిల్ ఎండలో సాయంత్రం నాలుగు గంటలకు ముప్ఫై ఆరో పేపరు తెరిచే చెయ్యీ ఒకటి కాదు. లెక్కల్లో స్టెప్పుకింత అని స్కీమ్ ఉంటుంది కాబట్టి మాకు తేడా తక్కువ. తెలుగు, సోషల్ దిద్దేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే, ఒకే జవాబుకు ఒకరు మూడు, ఒకరు నాలుగు వేయడం మామూలే. ఎవరూ అన్యాయం చేయాలని చేయరు. మనుషులు దిద్దే పేపర్లు అలాగే ఉంటాయి.

అందుకే 87కీ 88కీ తేడా ఉందని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. గ్రేడు ఆ మాటనే నిజాయితీగా ఒప్పుకుంటుంది. ఈ పిల్ల ఇంచుమించు ఇక్కడ ఉంది, అంతకంటే కచ్చితంగా మాకు తెలియదు అంటుంది. అందులో నాకు గౌరవం ఉంది. మన పెద్దవాళ్ల క్లాసులు కూడా మెట్లే కదా. ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు అంటే 61 అని ఎవరూ అడిగేవారు కాదు, 68 అని ఎవరూ చెప్పేవారు కాదు. సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు కూడా ఆ మాట చాలేది.

2012లో ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతికి గ్రేడ్లు పెట్టినప్పుడు నేను చప్పట్లు కొట్టినవాణ్ణి. రిజల్ట్ రాగానే టీవీల్లో ర్యాంకుల హోరు, ఒక మార్కు కోసం ఉరి వేసుకునే పిల్లలు, అవన్నీ ఆగుతాయనుకున్నాను. కొన్ని ఆగాయి కూడా. కానీ రెండేళ్లు తిరక్కుండానే మా పక్క టౌన్‌లో ఫ్లెక్సీలు మారాయి. మునుపు 1, 2, 3 ర్యాంకులుండేవి, ఇప్పుడు పదికి పది, పదికి పది, పదికి పది అని పిల్లల ఫొటోలు. 9.8 వచ్చిన పిల్ల ఫొటో ఆ ఫ్లెక్సీకి ఎక్కలేదు. సుమారుగా చెప్పడానికి పుట్టిన అంకెను మనం కత్తిలా వాడుకున్నాం.

ఇంజనీరింగ్‌కి వచ్చేసరికి రెండు దశాంశ స్థానాలు. మెట్ల అంకెల్ని సగటు చేసి 7.41, 7.43 అంటాం. ఆ 0.02 దేన్ని కొలుస్తోంది? దేన్నీ కాదు. ఒక సబ్జెక్టులో 69 వచ్చినవాడికి 70 వచ్చి ఉంటే ఇంచుమించు అంత తేడా వస్తుంది.

అందులో క్రెడిట్ల సంగతి చాలామంది పిల్లలకే తెలియదు. మా మేనకోడలు మొదటి ఏడాదిలో, లెక్కల్లో 6, ల్యాబ్‌లో 10 వచ్చాయి కాబట్టి సగటు 8 అనుకుంది. లెక్కలకు నాలుగు క్రెడిట్లు, ల్యాబ్‌కి ఒకటిన్నర. నాలుగార్లు ఇరవై నాలుగు, ఒకటిన్నర పదులు పదిహేను, మొత్తం 39. దాన్ని అయిదున్నరతో భాగిస్తే 7.09. ఎనిమిది ఎక్కడ, ఏడు ఎక్కడ! ఏ సబ్జెక్టు బరువెంతో తెలియకుండా మూడేళ్లు రికార్డులు రాయడానికి రాత్రుళ్లు మేలుకుని, లెక్కల సబ్జెక్టుల్ని గట్టెక్కితే చాలనుకుంది. చేరిన మొదటి వారంలో ఎవరైనా అరగంట కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం ఇది. మామనై ఉండి నేనూ చెప్పలేదు.

## మళ్లీ మార్కులొచ్చాక

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి పదో తరగతి ఫలితాలు మళ్లీ మార్కుల్లో ఇస్తున్నారు. తెలంగాణలో 2025 మెమోల్లోకి మార్కులు వచ్చాయి. జీపీఏ మీద నమ్మకం సడలడానికి కరోనా కాలం కూడా కారణమని నాకనిపిస్తుంది. 2021లో పరీక్షలు లేకుండా స్కూల్ మార్కులతోనే గ్రేడ్లు ఇస్తే, తెలంగాణలో అయిదు లక్షల పైచిలుకు పిల్లల్లో రెండు లక్షల మందికి పైగా పదికి పది వచ్చింది. ఆ ఏడాది పది తెచ్చుకున్న మా స్కూలు పిల్లలు ఇప్పటికీ ఆ అంకె చెప్పడానికి మొహమాటపడతారు. వాళ్ల తప్పేముంది?

మార్కులు రావడం నాకు మంచిగానూ ఉంది, భయంగానూ ఉంది. సోషల్‌లో 90 వచ్చిన పిల్ల మెమోలో ఇకపై 90 అనే కనబడుతుంది, అది మంచి. ఫ్లెక్సీల మీద 590, 591, 592 మళ్లీ వస్తాయి, అది భయం. డిగ్రీల్లో, ఇంజనీరింగ్‌లో మాత్రం పాయింట్లు ఇప్పట్లో పోయేవి కావు. యూనివర్సిటీలను చూసే యూజీసీ 2015లో పది పాయింట్ల పద్ధతి పెట్టమన్న తర్వాత దాదాపు అన్ని యూనివర్సిటీలూ అటే వెళ్లాయి. కాబట్టి ఫామ్‌లో ఆ పర్సెంటేజీ గడి ఉన్నన్నాళ్లూ రాత్రి పదిన్నర ఫోన్లు వస్తూనే ఉంటాయి.

మా మేనకోడలి యూనివర్సిటీ నిబంధనల పుస్తకం తీయించి చూశాం. అర తీసేసే సూత్రమే ఉంది. సరిగ్గా 60. ఫామ్ నింపింది, పరీక్షకు కూర్చుంది. ఇంటర్‌లో దాని పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు వేరే యూనివర్సిటీ కింద చదివింది. ఆ అమ్మాయి సీజీపీఏ కూడా 6.5. వాళ్ల దగ్గర ముప్పావు తీస్తారు, 57.5. అదే కంపెనీ ఫామ్ ఆ అమ్మాయికి తెరుచుకోలేదు. ఇద్దరూ ఆ రాత్రి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

పండక్కి వచ్చినప్పుడు ఈ గొడవంతా బాపుకి చెప్పాం. ఓపిగ్గా విన్నాడు. చివరికి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, "అయితే బిడ్డా, మీ ఇద్దరిదీ ఫస్ట్ క్లాసేనా?" అని అడిగాడు. నాది అవును తాతా అని చెప్పింది గానీ, స్నేహితురాలి సంగతి చెప్పలేక నా వైపు చూసింది. "ఇద్దరికీ అదే ఆరున్నర వచ్చె గదా" అన్నాడు బాపు.